నాలుగో సెల్లారులో పడ్డ పేరు

రండమ్మా, రండి నాయనా. ఆ కుర్చీలు అక్కడే వదిలేసి ఇలా చాప మీదికి జరగండి. వెనకవాళ్ళు ఇంకొంచెం ముందుకు. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. పిల్లలుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, మధ్యలో ఒకచోట వాళ్ళ చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది మీకు. చదువుల తల్లిని ఒక్కసారి మనసులో తలుచుకోండి. తలుచుకున్నారా? ఇక వినండి.

కోకాపేటలో ముప్పై అంతస్తుల టవరొకటి ఉంది. అందులో ఈరమ్మ హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొద్దున ఆరున్నరకు చీర మీద ఆకుపచ్చ కోటు తొడుక్కుని, సర్వీసు లిఫ్టులో పద్నాలుగో అంతస్తుకు ఎక్కి, అక్కడి నుంచి ఒక్కో అంతస్తూ ఊడ్చుకుంటూ కిందికి దిగడం ఆమె వంతు. తలుపుల ముందు పాల ప్యాకెట్ల తడి, పేపర్లకు చుట్టిన రబ్బరు బ్యాండ్లు, బిర్యానీ పార్సిళ్ళ కవర్లు, చెప్పుల స్టాండ్ల కింది ఇసుక. ఏప్రిల్ ఆఖరు వారం వచ్చిందంటే వీటితోపాటు అక్షరాలు కూడా ఉంటాయి. సెలవులిచ్చాక పిల్లల నుంచి రాలతాయి కదా, అవి.

మొదట అంకెలు రాలతాయి. ఏడో ఎక్కం అన్నిటికంటే ముందు, తెగిన గొలుసులాగా వరసకు వరస ఊడిపడుతుంది. తర్వాత ఒత్తులు, ఆ తర్వాత ఇంగ్లీషు స్పెల్లింగులు. మే నెల నడిమికి గుణింతాలు కూడా కారిడార్ల మూలల్లో నల్లనువ్వుల్లా పోగుపడి ఉంటాయి. అసోసియేషన్ వాళ్ళు నోటీసు బోర్డులో కాగితం అంటించారు: పిల్లల అక్షరాలు లిఫ్టు తలుపుల సందుల్లో ఇరుక్కోకుండా తల్లిదండ్రులు జాగ్రత్త పడవలెను. తల్లిదండ్రులు ఆఫీసుకు వెళ్ళే హడావుడిలో ఆ కాగితాన్ని దాటుకుని వెళ్ళిపోయేవారు.

"ఈరమ్మవ్వా, చెప్పింది యాదుందా?" సూపర్‌వైజర్ వంశీ రోజూ అరిచేవాడు. "అక్షరాలు పొడి చెత్తల, మామిడి టెంకలు తడి చెత్తల. కలిపితే బండోడు తీస్కపోడు."

ఈరమ్మ అన్నిటినీ చీపురుతో ఊడ్చేది, అక్షరాలను తప్ప. అవి కనబడితే చీపురు గోడకు ఆనించి, వంగి, చేత్తో ఏరి, ఒక్కోదాన్నీ కళ్ళకద్దుకుని అప్పుడు సంచిలో వేసేది. చిన్నప్పుడు ఒకే ఒక్క ఏడాది బడికి పోయింది. పలకకు కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని అక్కడి సారు నేర్పాడు. ఆ ఏడాది చదువులో ఆమెకు మిగిలింది ఆ ఒక్క ముక్కే.

"నువ్వు గిట్ల ఒక్కొక్కదానికి మొక్కుకుంట ఏరితే, పన్నెండో ఫ్లోరుకు వచ్చేసరికి బతుకమ్మ పండుగొస్తది," అనేవాడు వంశీ.

"వస్తే రానీ బిడ్డ. నీకు గూడ పూలు తెంపే పని ఒకటి దొరుకుతది," అనేది ఈరమ్మ.

ఆ వేసవిలో ఈరమ్మ వెంట మనవరాలు ప్రవళిక కూడా వచ్చేది. పదేళ్ళ పిల్ల, అయిదో తరగతి అయిపోయింది. తల్లి శ్రీలత నానక్‌రాంగూడలో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పనిచేస్తుంది, చంటివాణ్ణి పక్కింట్లో వదిలిపెట్టి పోతుంది. తండ్రి నరేందర్ క్యాబ్ నడుపుతాడు. మొయినాబాద్ అవతల ఒక హాస్టల్ బడిలో ప్రవళికకు సీటు వచ్చింది. అయితే జూన్ పన్నెండున, బడి తెరిచిన రోజు, అక్కడి మేడమ్ పిల్ల చేత ఒక పేజీ చదివిస్తుంది, పేరూ ఊరూ రాయిస్తుంది. చదివితే చేర్చుకుంటారు, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

"చదువు ఒంటబట్టకపోతే ఇగ బలిమి ఎందుకమ్మా," అన్నాడు నరేందర్ తల్లితో. కోపంగా కాదు, మామూలుగానే. "ఇంట్ల తమ్ముని చూసుకుంట ఉంటది."

ఆ మాట ఈరమ్మకు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే యాభై ఏళ్ళ కింద, ఇదే కోకాపేటలో, ఆమె తండ్రి కూడా అలాగే మామూలుగా అన్నాడు. ఎండాకాలం సెలవులకు రాళ్ళు కొట్టే చోట నీళ్ళందించడానికి రమ్మన్నాడు. సెలవులు అయిపోయాయి. నీళ్ళందించడం అయిపోలేదు.

అందుకని ఈరమ్మ ఒక ఉపాయం చేసింది. దేవుడు మెచ్చే ఉపాయమే అనుకుంది పాపం. ప్రవళిక నుంచి రాలిన ప్రతి అక్షరాన్నీ ఏరి, పసుపు నీళ్ళతో కడిగి, ఒక రేకు డబ్బాలో పోసి, ఇంట్లో అమ్మవారి పటం ముందు పెట్టింది. కుంకుమ చల్లింది, మంగళవారం మంగళవారం అగరుబత్తి వెలిగించింది, తాళం వేసింది. పిల్ల ముట్టుకోబోతే చేతి మీద కొట్టింది: "ఎంగిలి చేతుల్తోని ముట్టకు, సరస్వతి."

ఇక మిగిలినవి రాలకుండా ఉండాలంటే? మొదటి సెల్లారులో, పనివాళ్ళు అన్నం తినే గది పక్కన, ఒక చాప వేసి పిల్లను కూర్చోబెట్టింది.

"కదలకు బిడ్డా. ఉరకకు, దుంకకు. నిండిన బిందె ఎత్తుకున్నోళ్ళు ఎగురుతరా? తొణికితే పోతయి."

ప్రవళిక మాట వినే పిల్ల. కాళ్ళు ముడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలాగే కూర్చునేది.

అదే టవరులో పద్నాలుగో అంతస్తులో బాలాత్రిపురసుందరి గారు ఉండేవారు. కాకినాడలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కోడలూ కొడుకూ ఆఫీసుకు వెళ్ళాక మనవడు ఆదర్శ్‌నీ, వాడి వెనకాల వచ్చే పిల్లల దండునీ ఆవిడే చూసుకునేది. ఆవిడ పలకలూ పుస్తకాలూ బయటికి తీసేది కాదు. పొద్దున్నే లిఫ్టు అద్దం మీద ఒక కాగితం అంటించేది. పైన ‘ఈ పూట పందెం’ అని ఉండేది.

ఒకరోజు: మెట్లు మూడేసి లెక్కపెడుతూ కిందికి దిగండి, చివర ఎన్ని మిగిలాయో చెప్పినవారికి తాటిముంజలు. ఇంకోరోజు: పక్కన కడుతున్న టవరు క్రేను నీడ పొద్దున ఎన్ని అడుగులు, సాయంత్రం ఎన్ని అడుగులు? మరోరోజు: మీ ఇంట్లో ఎవ్వరికీ తెలియని తెలుగు మాట ఒకటి పట్టుకురండి.

ఆ మాట కోసం ఆదర్శ్ నేరుగా ఈరమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఈరమ్మగారూ, మా ఇంట్లో తెలియని మాట ఒకటి ఇస్తారా?"

"మీ ఇంట్ల తెలవని మాటలా? బస్తా నిండ ఉన్నయి బిడ్డ. ‘ఇగురం’ తీస్కపో."

"అంటే ఏంటండి?"

"ఉన్నదాంట్ల, ఎవరికి నొప్పి గాకుంట, పని ఎల్లదీసుకునే తెలివి."

ఆదర్శ్ ఆ మాటతో ముంజలు గెలిచాడు. గెలిచినవాటిలో రెండు తెచ్చి ప్రవళిక ముందు పెట్టాడు. "నువ్వూ రా. రేపు వాచ్‌మన్ అంకుల్స్ ఊళ్ళన్నీ మ్యాపులో వెతకాలి. నువ్వు నా జట్టు."

ప్రవళిక ముఖం వెలిగింది. లేవబోయింది.

"కూసో!" అంది ఈరమ్మ. "నువ్వు పో బాబూ. నీయి రాలితే మీ నాయనమ్మ ఏరుకుంటది. మా పిల్లయి రాలితే ఏరెటోళ్ళు లేరు."

తమాషా ఏమిటంటే, పందేలు ఆడే పిల్లలకు రాలడం తగ్గిపోయింది. పన్నెండో అంతస్తు, పదో అంతస్తు, చీపురు పట్టే ఈరమ్మకే మొదట తెలిసింది ఆ సంగతి. చేటలో నాలుగైదు కూడా ఉండేవి కావు. అది గొప్పవాళ్ళ పిల్లల అదృష్టమని అనుకుందామె. కింద చాప చుట్టూ మాత్రం రోజురోజుకూ నల్లగా, ఎక్కువగా పోగుపడుతూ ఉంది.

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఆ టవరు ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఏసీల హోరు తప్ప మనిషి చప్పుడుండదు. ఆ హోరు మధ్యలో, సెల్లారులో, టిక్. కాసేపాగి, టిక్. నువ్వు గింజ గచ్చు మీద పడినంత శబ్దం. ప్రవళిక కళ్ళు తెరుచుకునే ఉండేది. మొదట్లో తను రాలుస్తున్నవాటిని తలతిప్పి చూసేది, తర్వాత చూడడం మానేసింది. తెలుగు వాచకం ముందు పెడితే, చీమలు పాకుతున్నాయని వేలితో దులపబోయింది. బస్సు మీద ఏం రాసుందే అని తల్లి అడిగితే, "నల్లగ ఉన్నది," అంది. ఈరమ్మ ఆ రాత్రి రెండు అగరుబత్తులు ఎక్కువ వెలిగించింది.

జూన్ ఒకటో తారీకు. ఇంకా పదకొండు రోజులే. మధ్యాహ్నం గిన్నె కడుక్కుని వస్తూ ఈరమ్మ దూరం నుంచి పిలిచింది.

"ప్రవళికా!"

పిల్ల తిరగలేదు.

"ప్రవళికా, పెరుగన్నం తింటవానె?"

ఈసారి టిక్ అనలేదు. గాజు గోలీ జారినట్టు టక్కుమంది. పిల్ల నుదుటి మీది నుంచి ఏదో జారి చాప మీద పడింది. పూసలు గుచ్చినట్టు అక్షరాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. అది దొర్లింది. గ్రానైటు మీద నెమ్మదిగా, ఎక్కడికి పోవాలో తెలిసినట్టే దొర్లింది. ఈరమ్మ గిన్నె పారేసి పరుగెత్తింది. వేలికొసకు తగిలింది కూడా, వెచ్చగా. లిఫ్టు తలుపు కింది సందులోకి దూరి కిందికి వెళ్ళిపోయింది. చాలాసేపటికి గానీ అడుగున పడ్డ చప్పుడు వినబడలేదు.

ఈరమ్మ వెనక్కి తిరిగింది. పిల్ల ఆమెనే చూస్తూ ఉంది, మర్యాదగా, కొత్తవాళ్ళను చూసినట్టు.

"ఎవర్ని పిలుస్తున్నరమ్మా?" అని అడిగింది.

ఇదేనమ్మా, పిల్లల చెయ్యి పట్టుకోవాల్సిన చోటు.

తొమ్మిదేళ్ళుగా ఆ టవరులో పనిచేస్తున్నా ఈరమ్మ ఏనాడూ పెద్ద లిఫ్టు ఎక్కలేదు. ఆ రోజు ఎక్కింది. పిల్ల చెయ్యి పట్టుకుని, అద్దం మీది పందెం కాగితం పక్కన నిలబడి, పద్నాలుగో అంతస్తు దాకా పోయింది. తలుపు తీసిన బాలాత్రిపురసుందరి గారు పిల్ల ముఖం చూసి, ఏమయిందని అడగలేదు.

"లోపలికి రా ఈరమ్మా. పిల్లని సోఫాలో కూర్చోబెట్టు. ఆదర్శ్, మంచినీళ్ళు తేరా. ఈరమ్మా, ఎన్నాళ్ళ నుంచి కూర్చోబెట్టావు దీన్ని కదలకుండా?"

"సెలవులిచ్చిన కాడికెల్లి టీచరమ్మా. రాలినయి ఒక్కటి గూడ పోనియ్యలే. డబ్బల పెట్టి పూజ చేస్తున్న," అంటూ ఈరమ్మ ఏడ్చేసింది.

ఆవిడ ఈరమ్మ పక్కన కూర్చుంది. "పూజ తప్పు కాదు తల్లీ. కానీ సరస్వతి డబ్బాలో కూర్చునే దేవత కాదు, నాలుక మీద కూర్చునే దేవత. రాలిన అక్షరాన్ని పిల్ల నోటితో పలికించి, దాంతో ఏదో ఒక పని చేయిస్తే అదే మళ్ళీ అతుక్కుంటుంది. ఈ పందేలు నేను దేనికి పెడుతున్నాననుకున్నావు?"

"ఆడితే తొణుకుతయనుకున్న."

"ఆడకపోతేనే తొణుకుతాయి." ఆవిడ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఇప్పుడు ఆ డబ్బా తెచ్చినా లాభం లేదు. పేరు లేదుగా. అక్షరాలు తిరిగొచ్చినా ఎవరి దగ్గరికని వస్తాయి? ముందు పేరు తేవాలి. అది నాలుగో సెల్లారులోకి పోయి ఉంటుంది."

నాలుగో సెల్లారులో ఎవరూ కార్లు పెట్టరు. అక్కడ నీళ్ళ సంపు ఉంటుంది, పంపులుంటాయి. అంతకంటే ఆ మాట ఎవరూ పెంచరు.

"నేను వెళ్తానండీ నానమ్మా," అన్నాడు ఆదర్శ్.

"నోర్ముయ్. పోయినేడు పంపు బాగుచేయడానికి ఒకాయన దిగాడు. పైకొచ్చి తన బండి నంబరు తనే చదువుకోలేకపోయాడు. ఆ చోటు లాగేసుకుంటుంది. నేను దిగితే ముప్పై ఏళ్ళ పాఠాలు అక్కడే వదిలేసి రావాలి, వెళ్ళిన పని కూడా మర్చిపోతాను." ఆవిడ ఈరమ్మ వైపు చూసి, చూపు దించుకుంది. "నువ్వయితే..."

"నా దగ్గర గుంజుకోనీకి ఏం లేదు. అంతే గద టీచరమ్మా?"

ఆవిడ నాలుక కరుచుకుంది.

"ఉన్నమాటే గదమ్మా," అంది ఈరమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "గా లేకపోవుడు ఇయ్యాల పనికొచ్చింది."

కార్లు దిగే ర్యాంపు మీద ఆమె నడిచింది. రెండో సెల్లారు దాటింది, మూడో సెల్లారు దాటింది. నాలుగో దాని గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది.

ఒకటే ట్యూబులైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. వెలిగినప్పుడు కనబడింది: గచ్చు ఎక్కడా లేదు. గోడ నుంచి గోడ దాకా అక్షరాలే. పిల్లలవి నల్లగా, చిన్నగా. వాటి మధ్య బూడిదరంగువి, పెద్దవి. పైన ల్యాప్‌టాపుల ముందు కూర్చునేవాళ్ళ నుంచి ఏళ్ళ తరబడి రాలిన తెలుగు అది. ఎవరూ ఎత్తుకోనివి కిందికి దిగుతూనే ఉంటాయి కదా. పైన కొత్తగా రాలినవి మాట్లాడవు. దిక్కులేక ఇక్కడికి చేరినవి మాట్లాడుకుంటాయి. సన్నగా, ఒకేసారి, వందల గొంతులతో. ఎక్కడో మూల ఒక చిన్నపిల్ల గొంతు ఏడో ఎక్కం చెబుతూ, ఏడార్లు దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటికి వస్తూ ఉంది.

ఎలా దాటాలి? నాలుగడుగులు వేస్తే లిఫ్టు గుంట. కానీ అడుగు వేయాలంటే అక్షరాల మీద కాలు పెట్టాలి. ఈరమ్మకు ప్రాణం పోయినా అది చేత కాదు.

మోకాళ్ళ మీద కూర్చుంది. ముందున్న అక్షరాన్ని తీసి కళ్ళకద్దుకుంది. "క," అంది అది, ఎవరో పాప గొంతుతో. పక్కన పెట్టింది. ఇంకోటి అద్దుకుంది. "మ," అంది. ఇంకోటి. ఆమె దారి చేసుకుంటూ పోయింది, జానెడు జానెడు. ప్రతిదీ తన శబ్దం చెప్పింది. చెప్పిన ప్రతిదానికీ ఆమె, "మంచిది తల్లీ," అంది. ఆ నాలుగడుగులకూ ఆమెకు గంటన్నర పట్టింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి.

లిఫ్టు గుంట పక్కన గచ్చు ఆగిపోయి కొంచెం పాతనేల కనబడింది. డైనమైటుకు కూడా లొంగని బండ చుట్టూ ఎర్రమట్టి. అవతల సంపు నీళ్ళు, నల్లగా. అక్కడ ఉన్నవి నల్లవీ కావు, బూడిదరంగువీ కావు. తెల్లవి. బలపంతో రాసినవి. వాటిలో ఒకటి బండ అంచున నిలువుగా ఇరుక్కుని ఉంది, దానికి ఆనుకుని, ఇంకొక్క వేలెడు జరిగితే నీళ్ళలో పడేలా, పూసలదండ లాంటి ఆ పేరు ఆగి ఉంది.

ఈరమ్మ ముందు ఆ తెల్లదాన్ని తీసి కళ్ళకద్దుకుంది.

"ఈ," అంది అది.

ఆ గొంతు ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్ళ పిల్ల గొంతు. జలుబు చేసి కొంచెం ముక్కుతో పలికే గొంతు. పెంకులు కప్పిన బడి, గోడకు సున్నం వాసన, పలక మీద ఆ అక్షరం దిద్ది, ‘సారూ, ఇది నా పేరుల మొదటిది’ అని అరిచిన పొద్దు. ఇక్కడే. ఈ టవరుకు పునాది తవ్విన చోటే. యాభై ఏళ్ళుగా దిగుతూ దిగుతూ వచ్చి, ఇవాళ తన మనవరాలి పేరుకు అడ్డం నిలబడింది.

"ఈడనే ఉన్నవా బిడ్డా?" అంది ఈరమ్మ. "ఎన్నొద్దులాయె."

ఒక చేతిలో దాన్నీ, ఇంకో చేతిలో పేరునూ పట్టుకుని లేచింది. అప్పుడు తెలిసింది. ఇప్పుడామె దగ్గర లాక్కోవడానికి ఒకటుంది. చీకటి కదిలింది. పిడికిట్లో ఆ తెల్ల అక్షరం చల్లబడడం మొదలుపెట్టింది, పట్టు సడలి జారిపోతున్నట్టు. ఆమె గట్టిగా పలికింది: "ఈ!" వెచ్చబడింది. "ప్రవళిక!" వెచ్చబడింది. ఇక ఆగలేదు. తను చేసుకున్న సందులో వెనక్కి నడుస్తూ, ఆ రెండింటినే జపంలాగా చెప్పుకుంటూ పోయింది.

వెనకాల గొంతులు ఎక్కం మానేశాయి.

"మా పేరో?" అని అడిగింది ఒకటి.

"అవ్వా, మా పేరో?"

"మా పేరో? మా పేరో?"

గుమ్మం దగ్గర ఆమె ఆగింది. తిరిగి చూడలేదు. "అందర్నీ ఒక్కసారి మొయ్యలేను బిడ్డలార. రోజుకొకరు. మాటిస్తున్న," అంది. వెనకాల నిశ్శబ్దం అయిపోయింది, బడిలో హాజరు పిలిచేముందు ఉండే నిశ్శబ్దం.

పద్నాలుగో అంతస్తులో పిల్ల సోఫాలో అలాగే కూర్చుని ఉంది. ఈరమ్మ బొట్టు పెట్టినట్టు ఆ పేరును నుదుటి మీద అద్ది, "ప్రవళికా," అంది.

ప్రవళిక రెండుసార్లు కనురెప్పలు కొట్టింది. "అవ్వా," అంది. "ఎందుకే మోకాళ్ళు గట్లయినయి?"

మర్నాడు రేకు డబ్బా తాళం తీశారు. కుంకుమ అంటిన అక్షరాలను చేటలో పోసి, పందెం మొదటి సెల్లారులోకి మార్చింది టీచరమ్మ. క్లబ్‌హౌసులో పనివాళ్ళ పిల్లలు అడుగుపెట్టకూడదని రూలుంటే, సెల్లారులో ఫ్లాట్ల పిల్లలు కూర్చోకూడదని రూలు ఎవరూ రాయలేదు కదా. అదీ ఇగురమంటే. మొత్తం దండు దిగింది. చేటలోంచి ఒక అక్షరం తియ్యాలి, గట్టిగా పలకాలి, దానితో మొదలయ్యే వస్తువు టవరులో ఎక్కడుందో పరుగెత్తి ముట్టుకు రావాలి. ప్రవళిక మొదటిరోజు తడబడింది. మూడోరోజు ఆదర్శ్‌ను ఓడించింది.

"ఇది తొండి! ‘చ’కి చెట్టంది, చెట్టు కుండీలో ఉందండి!" అన్నాడు వాడు.

"కుండీల ఉంటే చెట్టు గాదా? నువ్వు ఫ్లాట్ల ఉంటే మనిషివి గాదా?" అంది ప్రవళిక.

పని ఆపి నిలబడి చూస్తున్న వంశీ పకపకా నవ్వాడు. "అవ్వా, నీ మనవరాలికి మాటలు గూడ తిరిగొచ్చినయ్," అన్నాడు.

జూన్ పన్నెండున మొయినాబాద్ అవతలి బడిలో, ఎత్తు బల్ల ముందు, ప్రవళిక పేజీ చదివింది. ఒకచోట ఆగింది, వేలు పెట్టుకుంది, కూడబలుక్కుని దాటింది. పేరు రాసింది, ఊరు రాసింది. ఏడో ఎక్కం అడిగితే మాత్రం ఏడార్లు దగ్గర నిలిచిపోయింది.

"అది ఇంక కిందనే ఉన్నది మేడం," అంది. "కూడి చెప్పనా?" వేళ్ళ మీద కూడి, నలభై రెండని చెప్పింది.

మేడమ్ నవ్వి, రిజిస్టరు తిప్పి, పెద్దవాళ్ళ కోసం సిరా ప్యాడు ఈరమ్మ ముందుకు జరిపింది. "వేలిముద్ర ఇక్కడ వెయ్యమ్మా."

ఈరమ్మ ప్యాడు పక్కకు జరిపింది. పెన్ను అడిగింది. బలపం పట్టినట్టు పట్టుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, మెల్లగా ఒక అక్షరం రాసింది. ఈ.

"అంతేనా? మిగతా పేరు?"

"ఇప్పటికి గిదొక్కటే దొరికిందమ్మా," అంది ఈరమ్మ. "మిగిలినయి తెస్త."

తెస్తూనే ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకు మీరెప్పుడైనా ఆ టవరు సెల్లారులో నిలబడితే, కింది నుంచి ఒక ముసలావిడ గొంతు వినిపిస్తుంది. ఒక్కో అక్షరం పలుకుతూ, వెనకాల ఎవరో చిన్నపిల్లలు అందుకుంటున్నట్టు. పైకి వచ్చాక చేటలో ఒక పేరుంటుంది. అది ఎవరిదో వెతికి ఇచ్చే పందెం, మర్నాడు లిఫ్టు అద్దం మీద ఉంటుంది.

అయిపోయిందమ్మా. లేచే ముందు ఒక్కటి. నేను చెప్పింది మొత్తం మర్చిపోయినా పరవాలేదు, ఈ ఒక్క పని మర్చిపోకండి. ఈ సెలవుల్లో మీ గుమ్మం ముందు రాలిన అక్షరం కనబడితే దాటి పోవద్దు. వంగండి, ఏరండి, కళ్ళకద్దుకోండి. అక్కడితో ఆగవద్దు. పక్కనున్న పిల్లను పిలిచి, అది మీ పిల్లయినా, మీ పనిమనిషి పిల్లయినా, దాని చేత ఒక్కసారి గట్టిగా పలికించండి. రేపు కూడా అలాగే చెయ్యండి. ఎల్లుండి కూడా. కింద ఎదురుచూస్తున్నారు.